సాయం అంటే ఒప్పుకోని పర్వతాలు సార్

పర్వతాలు సార్‌కు ఈ లోకంలో ఒకటే ప్రశ్న ఉంది. ఏ వస్తువు కనపడినా "ఇది ఏడికెల్లి వచ్చింది?" అని అడుగుతాడు. జవాబు చెబితే ఊరుకోడు, దానికి కాగితం ఉందా అంటాడు. కాగితం చూపిస్తే, ఈ కాగితం ఏడికెల్లి వచ్చింది అంటాడు.

ఆయన గద్వాలలో ఒక బ్యాంకులో ఆఫీసరు. సొంతూరు అచ్చంపేట అవతల. నాలుగేళ్లు మేమూ వాళ్లూ ఒకే ఇంట్లో అద్దెకు ఉన్నాం. ముందు వాటా వాళ్లది, వెనక గది మాది. మాది గట్టు దగ్గర పల్లె. మా ఆయన ఆశీర్వాదం పుణెకు సెంట్రింగ్ పనికి పోయేవాడు. బిడ్డ రేఖ చదువు కోసమని నేను గద్వాలలో ఉండిపోయాను.

బ్యాంకులో సార్ పని ఏమిటో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. పైసలు తీసుకోడు, ఇవ్వడు. గాజు గదిలో కూర్చొని జనాన్ని పిలిచి ప్రశ్నలు అడుగుతాడు. ఒకరోజు నీళ్ల కుళాయి దగ్గర నేనే అడిగాను.

"దొంగ సొమ్ము నీళ్ల లెక్క సాయమ్మా," అన్నాడు. "ఏడ సందు దొరికితే ఆడ దూరుతది. పేదోళ్ల ఖాతాలే దానికి సందులు. నేను ఆ సందులకాడ కూసున్న."

బ్యాంకులో కూర్చుంటే సరే. ఇంట్లో కూడా అక్కడే కూర్చునేవాడు. సార్ భార్య మాలతక్క వంకాయలు కొనుక్కొస్తే, "గీ వంకాయలు ఏడికెల్లి వచ్చినయ్?" అనేవాడు.

"అంగట్లకెల్లి."

"అంగట్లకు ఏడికెల్లి వచ్చినయ్?"

"చెట్టుకెల్లి."

"ఎవరి చెట్టు?"

"నీ కూర ఇయ్యాల బంద్," అని మాలతక్క వంకాయలు తెచ్చి నాకిచ్చేసేది. అట్లా నెలలో రెండుసార్లయినా మాకు కూరగాయల ఖర్చు తప్పేది.

పెళ్లిచూపులనాడే ఆయన మాలతక్కను రేషన్ కార్డు అడిగాడట. అందులో మాలతమ్మ అని ఉంది, పదో తరగతి మెమోలో మాలతి అని ఉంది. పెండ్లిపిల్ల ఒకరా ఇద్దరా అని అందరి ముందు అడిగేసరికి మాలతక్క వాళ్ల నాయన లేచి నిలబడ్డాడట. "ఒక్కతే బాబూ, ఇద్దరుంటే ఇంకొకదాన్ని మంచి సంబంధం చూసి ఇస్తుంటి," అన్నాడట.

బాలనాగమ్మ అనే ఆమె మా వీధిలోనే పాలు పోసేది. ఒకసారి రెండు బర్రెలు అమ్మి, ఆ పైసలు బ్యాంకులో వేయడానికి పోయింది. సార్ ఆపాడు.

"ఇవి ఏడికెల్లి వచ్చినయ్?"

"బర్రెలమ్మిన సార్."

"బర్రెలు ఏడికెల్లి వచ్చినయ్?"

"వాటి తల్లికి పుట్టినయ్."

"తల్లి?"

"మా అమ్మగారోళ్లు పెట్టిర్రు. దాని తల్లి ఏడికెల్లి వచ్చిందో మా అమ్మనడగాలె, ఆమె పోయి పదేండ్లాయె."

సార్ అన్నీ రాసుకున్నాడు. మూలం చూపించే ఆధారం ఏదైనా తెమ్మన్నాడు. మరునాడు బాలనాగమ్మ ఒక దూడను తోలుకొచ్చి బ్యాంకు మెట్లకు కట్టేసింది. "మూలం అన్నవు గద సార్, అమ్మిన బర్రె బిడ్డ ఇదే. ఏమడుగుతవో అడుగు," అంది. ఆ రోజు బ్యాంకులోకి పోయినవాళ్లందరూ దూడకు గడ్డి వేసి పోయారు. సార్ ఫారంలో సంతకం పెట్టాడు.

మా చర్చి పాస్టర్ యేసుబాబు గారితో ఇంకో గొడవ. ఆయన నెలకోసారి కానుకల డబ్బు తీసుకొచ్చేవాడు, అన్నీ చిల్లర నోట్లు.

"ఎవరిచ్చిర్రు?"

"పేర్లుండవు సార్. దేవునికి ఇచ్చిర్రు."

"అయితే దేవుని పేరు మీద రాయాలె. ఆయన అడ్రసు?"

"అంతట ఉంటడు సార్."

"అంతట ఉంటే మా ఫారంల పట్టదు. ఒక్క అడ్రసు చెప్పు," అన్నాడు సార్. చివరికి చర్చి అడ్రసు రాసుకున్నాడు. పాస్టరు గారు ఈ మాటను ఆదివారం వాక్య ప్రసంగంలో కలిపి చెప్పి అందరినీ నవ్వించాడు. ఆ ఆదివారం మా ఆయన కూడా ఉన్నాడు. పుణె నుంచి సెలవు మీద వచ్చాడు. ఆయన నవ్వితే భుజాలు ఊగేవి. చర్చిలో ఆయన నవ్వింది అదే ఆఖరు.

తర్వాత రెండు నెలలకు శవం వచ్చింది.

అంబులెన్సు సందులోకి రాలేక వీధి మొదట ఆగింది. వెంట శివ మేస్త్రీ వచ్చాడు. మా పల్లెల నుంచి కూలీలను పుణెకు తీసుకుపోయేది ఆయనే. దిగుతూనే నలుగురిలో చెప్పాడు. "రాత్రి మస్తు తాగిండు. రూం మెట్ల మీదికెల్లి పడ్డడు. మేం లేచి చూసేసరికి అయిపోయింది."

నేను ఏడుస్తూనే ఆ మాట విన్నాను. మా ఆయన తాగుడు మానేసి మూడేళ్లు. చర్చిలో అందరి ముందు ఒట్టు పెట్టి మానేశాడు. అంతకుముందు తాగేవాడు, కాదనను. అందుకే మేస్త్రీ మాటను నమ్మడం అందరికీ తేలికైంది. మళ్లీ మొదలుపెట్టిండంట, గంత దూరంల ఎవరు చూస్తరు, అనుకున్నారు. కాదని గట్టిగా చెప్పలేకపోయాను. ఎందుకంటే నేనూ చూడలేదు.

అంత ఏడుపులో పర్వతాలు సార్ ఏం చేశాడో తెలుసా. అంబులెన్సు డ్రైవరు దగ్గరికి పోయి, "ఏడికెల్లి వచ్చింది? దవాఖాన చీటీ ఏది?" అని అడిగాడు.

మా మరిది ఆయన మీదికి పోయాడు. "శవాన్ని గూడ ఏడికెల్లి వచ్చిందని అడుగుతవా సార్? మనిషివేనా?"

సార్ డ్రైవరు ఇచ్చిన చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, ఫోనులో ఫోటో తీసుకొని, తిరిగి ఇచ్చేశాడు. ఆ రోజు నుంచి మా వాళ్లెవరూ ఆయనతో మాట్లాడలేదు.

నెల గడిచింది. శివ మేస్త్రీ వచ్చి, కంపెనీవాళ్లు నా ఖాతాలో మూడు లక్షలు వేశారని చెప్పాడు. "నేనే కాళ్లా వేళ్లా పడి ఇప్పిచ్చిన," అన్నాడు. రేఖకు అప్పుడే నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చింది. ముప్పై ఒకటో తారీకు లోపల ఫీజు కట్టకపోతే సీటు పోతుంది. మా ఆయన ఉంటే పుణె నుంచి పంపేవాడు. ఇప్పుడు ఆ మూడు లక్షలు తప్ప మాకు వేరే దారి లేదు.

బ్యాంకుకు పోతే నా ఖాతా ఆగిపోయి ఉంది. నాది చిన్న ఖాతా, అందులోకి ఏడాదికి లక్ష దాటి రాకూడదట. గాజు గదిలోకి పొమ్మన్నారు. పోతే లోపల మా ముందు వాటా సార్.

"ఇవి ఏడికెల్లి వచ్చినయ్?" అన్నాడు, నన్ను ఎప్పుడూ చూడనట్టు.

"పుణె కంపెనీ పంపింది సార్," అన్నాడు మేస్త్రీ.

"ఎందుకు పంపింది?"

"సాయం."

సార్ ఫారంలో గడి మీద పెన్ను పెట్టి ఆగాడు. "పేరు కాదయ్యా. కారణం చెప్పు."

"అదే సార్, సాయం."

"ఈమె పేరు నాకు తెల్వదా? సాయమ్మ. మా వెనక గదిలనే ఉంటది. కారణం ఏంది?"

"సాయమ్మ కాదు సార్. సాయం. సాయమ్మకు సాయం."

బయట వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆయన పోయిన తర్వాత అదే మొదటిసారి. సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

సార్ మాత్రం నవ్వలేదు. "సాయం ఎవరికన్న చేస్తరు. ఇంత దునియాల ఈమెకే ఎందుకు చేసిర్రు?"

"మొగుడు చచ్చిపోయిండు గద సార్."

"మొగుడు చచ్చిపోయినోళ్లు గద్వాలల మస్తుమంది ఉన్నరు. వాళ్లకు గూడ పంపిందా మీ కంపెనీ?"

"జర అర్థం చేసుకో సార్. దయగల్ల కంపెనీ."

"దయగల్ల కంపెనీ అంటే నాకు ఇంకింత అనుమానం," అన్నాడు సార్. "సాయం అన్న ముక్క ఈ గడిల పట్టదు. పంపినోళ్లు ఎందుకు పంపిర్రో కంపెనీ కాగితం మీద రాసి, ముద్ర గుద్ది పంపాలె. అప్పటిదాక పైసలు కదలవు."

బయటికి వచ్చాక మేస్త్రీ నేల మీద ఉమ్మాడు. "మీ సార్‌కు పిచ్చమ్మా. ఒక్క ఇంట్లనే ఉంటరు గద, నువ్వే బతిమాలు," అన్నాడు.

బతిమాలాను. సాయంత్రం ఆయన చెప్పులు విప్పకముందే వాకిట్లో నిలబడ్డాను. "సార్, పిల్ల సీటు పోతది."

"ఫీజు ఏ తారీకు?"

"ముప్పై ఒకటి."

లోపలికి పోయి క్యాలెండరు మీద సున్నా చుట్టాడు. "కాగితం రానీ," అన్నాడు. అంతే.

పది రోజులకు మొదటి ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. రేఖ చదివి చెప్పింది. మానవత్వంతో చేసిన సాయం అని రాశారు. సార్ వాపసు పంపాడు. వారానికి రెండోది వచ్చింది. అనారోగ్యంతో మరణించిన కార్మికుని కుటుంబానికి అని రాశారు. ఇది చాలనుకొని నేను సంబరంగా పోయాను. శివ మేస్త్రీ కూడా వచ్చాడు.

సార్ రెండుసార్లు చదివాడు. "మేస్త్రీ, నువ్వు తాగి పడ్డడంటివి. వీళ్లు రోగం అంటుర్రు. ఒక మనిషి రెండు తీర్ల చచ్చిపోడు గద."

"ఏదైతేంది సార్, మనిషి పోయిండు."

"నీకు ఏదైతేంది. నా గడిల ఒక్కటే పడ్తది."

నాకు ఒళ్లు మండింది. ఎప్పుడూ గొంతు ఎత్తి ఎరగనిదాన్ని, ఆ రోజు అన్నాను. "సార్, ఆయన ఎట్ల పోయిండో మళ్ల మళ్ల నా ముందట అడగకు. నీకు పుణ్యముంటది. మాకు ఆ పైసలు వద్దు, వాపసు పంపు."

ఆయన నా వైపు చూడలేదు. ఉత్తరం మడిచి, వాపసు పంపే కవరులో పెట్టాడు.

ఆ రాత్రి ముందు వాటాలో జరిగిన గొడవ గోడలోంచి నాకు వినపడుతూనే ఉంది. మాలతక్క కంచం పెట్టి, "ఈ అన్నం ఏడికెల్లి వచ్చిందో చెప్పేదాక ముట్టకు," అంది.

"సాయమ్మ సంగతేనా?"

"ఆ పిల్ల సీటు పోతే ఆ పాపం ఏడికెల్లి వచ్చిందో గూడ రాసుకో, నీ గడిల."

కంచం జరిపిన చప్పుడైంది. తర్వాత ఆయన గొంతు మెల్లగా వినపడింది. "నాగర్‌కర్నూల్ల ఉన్నప్పుడు ఒక కూలాయన ఖాతాకు గిట్లనే పైసలొచ్చినయ్. ఎవరో సాయం అన్నరు. నేను అడగక దస్కత్ పెట్టిన. ఆర్నెల్లకు పోలీసులు ఆ కూలాయననే పట్టుకపోయిర్రు. ఎవరివో దొంగ పైసలు, ఆయన పేరు మీద తిప్పిర్రు. నేను ఆ దినం ఒక్క మాట అడిగుంటే అయిపోతుండె."

అన్నం తిన్నాడో లేదో నాకు తెలియదు. నేను మాత్రం కరగలేదు. దొంగలు ఎక్కడో ఉంటే మమ్మల్ని ఎందుకు సతాయించాలి అనుకున్నాను. ఎదురైతే మొహం తిప్పుకున్నాను. కూర చేస్తే మాలతక్కకు పంపడం మానేశాను.

ఇరవై తొమ్మిదో తారీకున బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. మూడో ఉత్తరం వచ్చింది, రమ్మన్నారు. ఆ రోజు పింఛన్లు తీసుకునేవాళ్లతో బ్యాంకు నిండిపోయి ఉంది. మా వీధివాళ్లు సగం మంది అక్కడే ఉన్నారు. బాలనాగమ్మ వరుసలో ముందే ఉంది. శివ మేస్త్రీ మాత్రం రాలేదు.

సార్ గాజు గదిలోంచి బయటికి వచ్చాడు. అది నేను ఎప్పుడూ చూడలేదు. చేతిలో కాగితం పట్టుకొని వరుస మధ్యలో నిలబడ్డాడు.

"సాయమ్మా, నీకు ఇంగ్లీషు రాదు. ఇంగ్లీషు రాని ఖాతాదారులకు ఉత్తరం తెలుగుల చదివి చెప్పాలె. నిలబడి చదవాలె. అందరికి వినబడేటట్టు చదవాలె. రూల్ ఉంది."

"రేఖ చదువుతది సార్, ఇంటికి పోయి," అన్నాను. నలుగురిలో మళ్లీ ఆ తాగుడు మాట వస్తుందేమోనని భయం.

"రూల్ ఉంది," అన్నాడు, గొంతు సవరించుకుంటూ.

చదివాడు. మా సైటులో నాలుగో అంతస్తు మీద పనిచేస్తుండగా, పొద్దున పదకొండు గంటలకు, సెంట్రింగ్ పలకలు జారి కిందపడి మరణించిన ఆశీర్వాదం అనే కార్మికుని భార్యకు ఈ మొత్తం పంపుతున్నాం. ఆ సమయంలో అతను తాగి లేడు.

ఆ ఆఖరు ముక్క రెండుసార్లు చదివాడు. రెండోసారి నెమ్మదిగా, ఒక్కొక్క మాట విడదీసి.

నేను అక్కడే నేల మీద కూర్చున్నాను. పొద్దున పదకొండు గంటలు. ఆ సమయానికి నేను ఇక్కడ బియ్యం ఏరుకుంటూ ఉండి ఉంటాను. ఆయన ఎండలో, ఒంటి మీద స్పృహతో, పనిలో ఉన్నాడు. మెట్ల మీద పడి లేడు. దాదాపు రెండు నెలలు నేను ఆయన్ను లోపల లోపల తిట్టుకున్నాను. మాటిచ్చి తప్పినవు గదయ్యా అని రోజూ ఫోటో ముందు అడిగాను. ఇప్పుడు ఆ మాటలన్నీ ఎట్లా వెనక్కి తీసుకోవాలో తెలియలేదు.

బాలనాగమ్మ వరుస వదిలి వచ్చి నా పక్కన కూర్చుంది. "నేను గూడ అన్ననే సాయమ్మా, తాగి పడ్డడని. మొన్న గూడ అన్న," అని నా చేయి పట్టుకుంది.

సార్ నన్ను గదిలోకి పిలిచి ఆ ఉత్తరం జిరాక్సులు మూడు నా చేతిలో పెట్టాడు. "ఒకటి లేబర్ ఆఫీసుల ఇయ్యి. పనిల పోయిన మనిషికి రావాల్సింది వేరే ఉంటది, మూడు లక్షలు కాదు. ఒకటి ఇంట్ల పెట్టుకో. ఇంకొకటి మీ పాస్టర్‌కు ఇయ్యి, ఆదివారం చదవమను."

"ఇది గూడ రూలేనా సార్?"

"ఇది మామూలుగ చెప్తున్న."

ముప్పయ్యో తారీకున పైసలు చేతికి వచ్చాయి. ముప్పై ఒకటిన రేఖ ఫీజు కట్టింది. లేబర్ ఆఫీసులో కేసు నడుస్తోంది. రెండు వాయిదాలు అయ్యాయి. రెండో వాయిదాకు కంపెనీ వకీలు ఆ ఉత్తరం చూసి, ఇది ఎవరు రాయించారని అడిగాడు. నేను నా జిరాక్సు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

అసలు ఎట్లా రాయించాడో మాలతక్క తర్వాత చెప్పింది. శవం వచ్చిన రోజు ఆయన ఫోటో తీసుకున్న దవాఖాన చీటీలో, మనిషిని తీసుకొచ్చిన సమయం పొద్దున పదకొండు నలభై అని ఉందట. రాత్రి తాగి పడ్డ మనిషిని మరునాడు పగలు పదకొండు నలభైకి దవాఖానకు ఎందుకు తీసుకుపోతారని ఆయనకు అప్పుడే అనుమానం వచ్చిందట. పుణె నుంచి కంపెనీ లెక్కల మనిషి ఫోన్ చేసి, ఏం రాయాలో మీరే చెప్పండి, అదే రాస్తాం అన్నాడట. జరిగింది రాయండి అన్నాడట సార్. లేకుంటే పైసలు వచ్చిన తొవ్వపట్టి వాపసు పోతయ్, వాటితో పాటు నా ప్రశ్నలు గూడ వస్తయ్ అన్నాడట. తాగి ఉన్నాడా లేడా అనేదానికి వేరే గడి ఉందని కూడా చెప్పాడట. ఆ ప్రశ్నలు తట్టుకోవడం గద్వాల జనానికి అలవాటే. పుణెవాళ్లకు కొత్త.

"మరి నాకు ముందుగాల చెప్పకపాయె," అన్నాను.

"నేను గూడ అదే అడిగిన. చెప్పినంక కాగితం రాకుంటే ఆమె మళ్లొకసారి ఏడ్వాలె గద అన్నడు," అంది మాలతక్క.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఖాతా మార్పించుకోవడానికి మళ్లీ బ్యాంకుకు పోయాను. మేనేజరు యమున మేడం నా కాగితాలు చూస్తుంటే అడిగాను. ఇంగ్లీషు రానివాళ్లకు ఉత్తరం నిలబడి, అందరికీ వినపడేటట్టు చదవాలన్న రూలు ఇంకా ఉందా అని.

ఆమె తల ఎత్తి చూసింది. "అట్లాంటి రూలు ఎప్పుడూ లేదమ్మా. ఖాతాదారుల కాగితాలు గట్టిగా చదవకూడదనే రూలుంది. ఎవరు చెప్పారు?"

ఎవరో అన్నారని చెప్పి వచ్చేశాను.

ఆ నెలలోనే సార్‌కు అచ్చంపేటకు బదిలీ అయింది. సామాను బండికి ఎక్కిస్తుంటే నేను దగ్గరికి పోయి మెల్లగా అన్నాను. "సార్, గా నిలబడి చదివే రూల్ కాగితం ఒక్కసారి చూపిచ్చి పోరాదు. నాకు జర పనుంది."

ఆయన చేతిలోని గిన్నెల సంచి కింద పెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఉంటది సాయమ్మా. పాత సర్క్యులర్. ఏ ఫైల్ల పెట్టిన్నో. ఆడికి పోయినంక ఫైళ్లన్ని దేవులాడి పంపుత," అన్నాడు.

మాలతక్క బండి ముందు సీట్లో కూర్చొని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఏడు నెలలైంది. మాలతక్క వారానికోసారి ఫోన్ చేస్తుంది. సార్ పక్కన ఉన్నాడని తెలిస్తే నేను తప్పకుండా అడుగుతాను. అటు కాసేపు గుసగుసలు వినపడతాయి. తర్వాత మాలతక్క నవ్వు ఆపుకుంటూ చెబుతుంది.

"ఇంకా దేవులాడుతుండంట."